చిన్న హెలికాప్టర్ల స్పేర్ పార్టులు మన ఊళ్ళలో దొరకాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక ఉత్తరాల పేజీలో ఈ మధ్య ఒక తండ్రి రాసిన లేఖ చదివాను. సంక్రాంతికి కొడుక్కి రిమోట్ హెలికాప్టర్ కొనిచ్చారట. రెండో రోజుకే రెక్క విరిగింది. కొన్న షాపుకే తీసుకెళ్తే "ప్లాస్టిక్ కదండీ, విరుగుతుంది. మెటల్ సెట్టు వేయించండి, ఇక ఢోకా ఉండదు" అన్నారట. హెలికాప్టర్ ధరకు దగ్గరదగ్గరగా డబ్బు పెట్టి ఆ సెట్టు తెప్పించి వేయిస్తే, ఈసారి పడినప్పుడు ఏకంగా మోటారే పోయింది. ఇలాంటి నాసిరకం వస్తువుల అమ్మకం ఆపించాలని ఆయన కోరారు.

ఆయన కోపం న్యాయమైనదే. అమ్మకం ఆపించాలన్న మాట మాత్రం నాకు సమ్మతం కాదు. ఆ కుర్రాడి చేతిలో విరిగింది నాసిరకం వస్తువు కాకపోవచ్చు. దాన్ని ఎలా ఎగరెయ్యాలో చెప్పినవాళ్ళు లేరు. విరిగితే ఏది మార్చాలో, ఏది మార్చకూడదో చెప్పినవాళ్ళు లేరు. మార్చాల్సిన చిన్న ముక్క మన ఊళ్ళలో దొరకదు. అసలు చిక్కు అక్కడుంది.

నేను పాలకొల్లులో మోటార్ వైండింగ్ మెకానిక్‌ని. పొద్దస్తమానం నా ముందుండేవి రొయ్యల చెరువుల నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లు, పొలాల పంపుసెట్లు, మిల్లు మోటార్లు. షెడ్డులో ఒక మూల బల్ల మీద మాత్రం చిన్న హెలికాప్టర్లుంటాయి. కొన్నేళ్ళుగా వాటిని ఎగరేస్తున్నాను, బాగుచేస్తున్నాను. మొదట మా వీధి పిల్లలు తెచ్చేవారు. ఇప్పుడు నరసాపురం నుంచి, భీమవరం నుంచి, చించినాడ వంతెన దాటి రాజోలు వైపు నుంచి కూడా తెస్తున్నారు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేశాక, ఆహార పొట్లాలు మోసుకొచ్చిన హెలికాప్టర్లకేసి మా తరం వాళ్ళం తలెత్తి చూశాం. 1986 ఆగస్టు వరదల్లో మా పెద్దవాళ్ళూ అలాగే చూశారు. ఇప్పటికీ సముద్రంలోని రిగ్గుల వైపు హెలికాప్టర్ వెళ్తున్న చప్పుడైతే చేలో కలుపు తీసే ఆడవాళ్ళు కూడా నడుం ఎత్తి చూస్తారు. ఇలాంటి చోట పిల్లలకు హెలికాప్టర్ మీద మోజు ఉండటంలో వింత లేదు. ఆ మోజు రెండు రోజుల్లో అటకెక్కిపోతోంది. నా బాధంతా దాని గురించే.

షాపుల్లో రిమోట్ హెలికాప్టర్ అని ఒకే పేరుతో అమ్ముతున్నవాటిలో మూడు రకాలున్నాయి. కొనేవాళ్ళకు ఈ తేడా తెలిస్తే సగం నష్టం తప్పుతుంది.

ఒక రకంలో ఒకే ఇరుసు మీద పైనొకటి, కిందొకటి రెండు జతల రెక్కలు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. పై జత బాడీని ఒకవైపు తిప్పబోతే కింది జత రెండోవైపు తిప్పుతుంది. రెండు బలాలూ సరిపోయి హెలికాప్టర్ కుదురుగా నిలబడుతుంది. మన నౌకాదళం దగ్గరున్న కామోవ్ కా-31 హెలికాప్టర్లది కూడా ఈ పద్ధతే. బొమ్మల్లో సైమా ఎస్107 ఈ రకం. చాలా ఇళ్ళలో చూసే ఉంటారు. అది టీవీ రిమోట్‌లో ఉండే ఇన్‌ఫ్రారెడ్ కాంతితోనే పనిచేస్తుంది కాబట్టి ఎండలో సిగ్నల్ సరిగా అందదు. గదిలో ఎగరేసుకోవాలి, అంతే. చిన్నపిల్లలకు, మొదటిసారి రిమోట్ పట్టుకునేవాళ్ళకు ఇదే సరైనది.

రెండో రకంలో పైన ఒకే జత రెక్కలు, తోక చివర పక్కకు తిరిగి ఉన్న చిన్న రెక్క. డబ్ల్యూఎల్ టాయ్స్ వి911 లాంటివి. నాలుగు ఛానెళ్ళు: పైకీ కిందికీ, ముక్కు అటూ ఇటూ తిప్పడం, ముందుకీ వెనక్కీ, కుడి ఎడమ పక్కలకూ. రెక్కల కోణం మారదు. మోటారు వేగం పెంచితే లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. పైన అడ్డంగా, చివర చిన్న బరువులతో ఒక కడ్డీ తిరుగుతుంటుంది, చూశారా? దాన్ని ఫ్లైబార్ అంటారు. ఆర్థర్ యంగ్ అనే అమెరికన్ ఇంజనీరు బెల్ కంపెనీ హెలికాప్టర్ కోసం చేసిన ఆలోచన అది. 1946లో పౌర వినియోగానికి అనుమతి పొందిన బెల్ 47 మీద అదే కడ్డీ ఉంది. ఒక వస్తువు వేగంగా తిరుగుతున్నప్పుడు తానున్న తలాన్ని వదలడానికి ఇష్టపడదు. ఆ మొండితనం వల్లే హెలికాప్టర్ ఒక్కసారిగా ఒరిగిపోకుండా ఉంటుంది. ఆ కడ్డీ వంగితే చాలామంది విరిచి పారేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

మూడో రకం ఆరు ఛానెళ్ళది. ఎక్స్‌కే కె110 లాంటివి. వీటిలో రెక్కలు తిరిగే వేగం కన్నా రెక్కల కోణం ముఖ్యం. కోణం పెంచితే లేస్తుంది, వెనక్కి తిప్పితే తలకిందులుగా కూడా ఎగురుతుంది. చాలా అందమైన యంత్రం. చెయ్యి కుదిరినవాళ్ళకు దానంత ఆనందం ఇచ్చేది ఇంకోటి లేదు. కానీ రిమోట్ కర్ర గోరంత కదిపితే గదికి ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంది. కొత్తవాళ్ళకు ఇది ఇవ్వకూడదు. లేఖలో రాసిన వివరాలను బట్టి ఆ కుర్రాడికి అమ్మింది ఇదే అనిపిస్తోంది. అన్నిటికన్నా ఖరీదైనది కాబట్టి అన్నిటికన్నా మంచిదని ఇచ్చి ఉంటారు.

నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకైనా, పెద్దలకైనా రెండో రకమే కొనమని చెప్తాను. అదీ ఇన్‌ఫ్రారెడ్ కాకుండా రేడియోతో పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ ఉన్నది. కొనేముందు షాపులో ఒక ప్రశ్న వెయ్యండి: దీనికి పై రెక్కలు, తోక మోటారు, పెద్ద గేరు, బ్యాటరీ విడిగా ఇస్తారా? ఇవ్వమంటే ఎంత చవకైనా వదిలేయండి.

ఇక ఎగరెయ్యడం. రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే బాడీ రెండోవైపు తిరగబోతుంది. దిమ్మకు బోల్టులు బిగించని పంపుసెట్టు మోటారు స్విచ్చి వేసిన క్షణంలో ఎదురు తిరిగి కుదపడం రైతులందరూ చూసిందే, అదే బలం. తోక రెక్క ఆ బలాన్ని ఆపుతుంది. లోపలున్న గైరో అనే చిన్న సెన్సర్, ముక్కు కాస్త తిరిగినా కనిపెట్టి, తోక మోటారు వేగాన్ని క్షణక్షణం సరిచేస్తుంది. కానీ గైరో ముక్కును పట్టుకోగలదు గాని హెలికాప్టర్‌ను ఒకేచోట కట్టిపడెయ్యలేదు. అందుకే ఈ రకం గాల్లో నిలబడి ఉందంటే తనంతట తాను నిలబడలేదు. ఎగరేసేవాడి వేళ్ళు ఆగకుండా చిన్నచిన్నగా సర్దుతూ ఉండబట్టే నిలబడింది. కొత్తవాళ్ళకు ఈ సంగతి తెలియదు. హెలికాప్టర్ పక్కకు జరిగాక కర్ర ఎక్కువగా తిప్పుతారు. అది రెండోవైపు దూసుకుపోతుంది. మళ్ళీ ఎక్కువగా తిప్పుతారు. మూడో ఊపుకి గోడ.

కిందికి ఉంటే పడినా దెబ్బ తగలదని చాలామంది నేలకు జానెడు ఎత్తులో నేర్చుకోబోతారు. నేర్చుకోవడానికి అంత కష్టమైన ఎత్తు ఇంకోటి లేదు. రెక్కల గాలి నేలను కొట్టి తిరిగొచ్చి హెలికాప్టర్‌నే తోస్తుంది. అది జారుతుంది, వణుకుతుంది, ఏ వైపు పోతుందో తెలియదు. ధైర్యం చేసి నడుం ఎత్తుకు లేపితే ఆ గోల ఆగుతుంది. లేపేటప్పుడు నానబెట్టొద్దు. ఒక కాలు నేలకు ఆని ఉండగానే ఒరిగితే అక్కడే బోర్లాపడుతుంది.

మొదట తోక మన వైపు, ముక్కు అవతలి వైపు ఉంచి నిలబెట్టడం నేర్చుకోవాలి. అలా ఉన్నప్పుడు దాని కుడి మన కుడే. ముక్కు మన వైపు తిరిగిందా, పక్కలు తారుమారైపోతాయి. ఆ క్షణంలోనే టెన్షన్ వచ్చి పడేస్తారు. కాబట్టి తోక మన వైపున ఉంచి ఒక బ్యాటరీ అయ్యేదాకా నిలబెట్టగలిగాకే కొద్దికొద్దిగా పక్కకు తిప్పి చూడాలి. ఎదురుముఖం అన్నిటికన్నా ఆఖరున. తొందరపడితే అయ్యే పని కాదిది.

పిల్లలకు నేను కొబ్బరి ఈనెలతో కాళ్ళు కట్టిస్తాను. రెండు పొడవాటి ఈనెలు అడ్డంగా పెట్టి హెలికాప్టర్ కాళ్ళ కింద దారంతో కట్టి, నాలుగు చివర్లకూ చిన్న థర్మోకోల్ ఉండలు గుచ్చితే దిగేటప్పుడు ఒరగదు. బరువు కూడా లెక్కలోకి రానంత. కార్బన్ కడ్డీలతో చేసినవి కొంటే దొరుకుతాయి గానీ కోనసీమ పక్కనే ఉండి ఈనెలకు కొదవేముంది? ఇలా చేస్తే పిల్లతనం అనుకునే పెద్ద కుర్రాళ్ళకు సికోర్‌స్కీ సంగతి చెప్తుంటాను. పైన ఒక రెక్క, తోకకు ఒక రెక్క ఉండే ఇప్పటి రకాన్ని నిలబెట్టినవాడు ఇగోర్ సికోర్‌స్కీ. 1939 సెప్టెంబరు 14న ఆయన తన వీఎస్-300ను మొదటిసారి నేల మీంచి లేపినప్పుడు దాన్ని నేలకు కట్టేసే లేపాడు. ఆయనకు లేని నామోషీ మనకెందుకు?

ఇంకొక్క మాట, ఇది చాలా ముఖ్యం. పడిపోతోందని తెలిసిన మరుక్షణం థ్రాటిల్, అంటే మోటారు వేగం పెంచే కర్ర, పూర్తిగా కిందికి లాగెయ్యాలి. కాపాడదామని పైకి తోస్తే రెక్కలు నేలకో గోడకో తట్టుకుని ఆగిపోయినా మోటారుకు కరెంటు పోతూనే ఉంటుంది. తిరగలేని మోటారులోకి కరెంటు పోతే కాయిల్ కాలుతుంది. అది ఏరియేటర్‌కైనా అంతే, ఈ చిటికెనవేలంత మోటారుకైనా అంతే. కింద పడి పోయిన వాటికన్నా, పడ్డాక కర్ర వదలకపోవడం వల్ల కాలినవే నా బల్ల మీదికి ఎక్కువగా వస్తాయి. ఎగరేసేవాళ్ళు రెండు మూడు గజాల దూరంలో నిలబడాలి. చూసే పిల్లలు ఎగరేసేవాళ్ళ వెనకాల ఉండాలి, ముందు కాదు. రెక్క కంటికి తగిలితే ఆటగా పోదు. ముందు రిమోట్ ఆన్ చేసి ఆ తర్వాత హెలికాప్టర్‌కి బ్యాటరీ పెట్టాలి. ఆపేటప్పుడు ముందు హెలికాప్టర్ బ్యాటరీ తీసి ఆ తర్వాత రిమోట్ ఆపాలి.

ఎక్కడ, ఎప్పుడు అని చాలామంది అడుగుతారు. మన డెల్టాలో గాలి లెక్క తెలిసినవాళ్ళకు జవాబు తేలికే. పొద్దున్నే ఎండ ముదరకముందు గాలి కదలదు. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి కొబ్బరి మట్టలు ఊగుతుంటాయి. మట్ట ఊగుతుంటే అరచేతంత హెలికాప్టర్‌ని బయటికి తియ్యకండి. తోటల్లో గాలి లేదనిపిస్తుంది గానీ చెట్ల మధ్య సుడులుంటాయి, పైగా మట్టల్లో చిక్కుకుంటే దింపడానికి మనిషి ఎక్కాలి. దాళ్వా కోతలయ్యాక ఖాళీ చేలు చాలా మంచివి, పడినా మెత్తగా పడుతుంది. కరెంటు తీగలు లేని చేను చూసుకోండి. చెరువు గట్ల మీద వద్దు. రొయ్యల చెరువు నీరు ఉప్పన. అందులో పడితే ముందు బ్యాటరీ ఊడదీసి, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్ళీ కరెంటు ఇవ్వాలి. ఉప్పునీట్లో నానిన బ్యాటరీ మళ్ళీ వాడకూడదు.

వీటన్నిటికన్నా మంచి చోటు ఒకటుంది. మన ఊరూరా కల్యాణ మండపాలున్నాయి. ఆషాఢంలో, ముహూర్తాల్లేని నెలల్లో అవి తాళాలేసి ఉంటాయి. ఎత్తైన కప్పు, గాలి లేని హాలు, నున్నటి నేల. ఫ్యాన్లు ఆపితే చాలు. మా ఊళ్ళో ఒక మండపం యజమాని గారు అడగ్గానే ఆదివారం పొద్దున్న ఒక గంట ఇచ్చారు, రూపాయి తీసుకోలేదు. వరి మిల్లుల ఖాళీ గోడౌన్లు కూడా బాగుంటాయి గానీ తవుడు దుమ్ము మోటార్లలోకి పోతుంది.

బ్యాటరీ గురించి తల్లిదండ్రులు జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాను. ఇందులో ఉండేది లిథియం పాలిమర్ సెల్. మామూలుగా 3.7 వోల్టులు అంటారు. పూర్తిగా ఎక్కితే 4.2. 3 వోల్టుల కిందికి దించితే చెడిపోతుంది. శక్తి తగ్గుతోందని తెలియగానే దింపెయ్యాలి. ఇంకొక్క నిమిషం అని లాగితే ఆ నిమిషం ఖరీదు ఒక బ్యాటరీ. ఎగరేసి దింపాక సెల్ వెచ్చగా ఉంటుంది. చల్లారాకే ఛార్జింగ్ పెట్టాలి. కొన్ని రోజులు వాడమనుకుంటే నిండుగా కాకుండా, ఖాళీగా కాకుండా 3.8 దగ్గర ఉంచి దాచాలి. ఉబ్బిన సెల్ పనిచేస్తున్నా సరే తీసెయ్యాలి, నొక్కి చూడటం, గుచ్చడం చేయకూడదు. దాంతో వచ్చిన ఛార్జింగ్ వైరే వాడండి. వైరు తెగిందని 5 వోల్టుల అడాప్టర్‌ని నేరుగా సెల్‌కి కలిపిన వాళ్ళున్నారు, మంట పుడుతుంది. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు, బయటికి వెళ్ళొద్దు. పరుపు మీద, కొబ్బరిపీచు మీద, తాటాకు పంచలో పెట్టొద్దు. సిమెంటు గచ్చు మీద మట్టి మూకుడులో పెట్టి ఛార్జ్ చెయ్యండి, పక్కన ఇసుక ఉంచుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మెటల్ సెట్టు.

హెలికాప్టర్ కింద పడితే ఆ దెబ్బ ఎక్కడో ఒకచోట తగలక తప్పదు. రెక్కలను పట్టుకుని ఉండే ప్లాస్టిక్ గ్రిప్పు తాను విరిగి ఆ దెబ్బను మింగేస్తుంది. దాన్ని తీసేసి అల్యూమినియం గ్రిప్పు, అల్యూమినియం హెడ్ (గ్రిప్పులను ఇరుసుకు బిగించే తల భాగం), అల్యూమినియం స్వాష్‌ప్లేట్ (రెక్కల కోణం మార్చే పలక) వేస్తే దెబ్బ ఎక్కడికి పోతుంది? ఇరుసు వంగుతుంది. ఇరుసు నుంచి గేరు పళ్ళకు, అక్కడి నుంచి మోటారుకు, స్వాష్‌ప్లేటును కదిపే సర్వోలనే చిన్న మోటార్లకు పోతుంది. అవన్నీ గ్రిప్పు కన్నా ఖరీదైనవి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని బదులు లావు రాగితీగ చుట్టి మోటారు కాల్చుకునే రైతులకు చెప్పే మాటే ఈ పిల్లలకూ చెప్తుంటాను. దానికి తోడు బరువు. యాభై గ్రాములకు అటూ ఇటూ తూగే యంత్రంలో రెండు మూడు గ్రాములు పెరగడం చిన్న విషయం కాదు. మోటారు వేడెక్కుతుంది, ఎగిరే నిమిషాలు తగ్గుతాయి. మెటల్ హెడ్ వల్ల లాభం లేదని అనను. చెయ్యి తిరిగినవాళ్ళకు గట్టి విన్యాసాల్లో హెడ్ వదులు లేకుండా ఉండాలి, వాళ్ళకు కావాలి. నేర్చుకునేవాళ్ళకు అది నష్టం. పైగా మెరుస్తుంటుంది కాబట్టి అమ్మడం తేలిక.

పెద్ద బ్యాటరీ వేస్తే ఎక్కువసేపు ఎగురుతుందని ఇంకో సలహా ఇస్తారు. పెద్ద బ్యాటరీ అంటే పెద్ద బరువు. ఆ బరువు మొయ్యడానికే పెరిగిన శక్తిలో చాలా భాగం ఖర్చవుతుంది. ముక్కు కూడా బరువెక్కి ముందుకు పోతుంటుంది. రెక్కలను పక్కలకు ఉంచి, హెడ్ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తితే హెలికాప్టర్ ముందుకూ వెనక్కూ ఒరగకుండా తూగాలి. ఒరిగితే బ్యాటరీ ముందుకో వెనక్కో జరపండి. రిమోట్‌లో ట్రిమ్ (ఒకవైపు జారిపోవడాన్ని సరిచేసే బటన్) నొక్కడానికి ముందు ఇది చూసుకోవాలి. రెండో బ్యాటరీ కొనడం మాత్రం మంచిదే. ఒకటి ఎగురుతుంటే ఇంకోటి చల్లారుతుంది.

కొత్తవాళ్ళు డబ్బు పెట్టాల్సింది వేరే వాటి మీద. పై రెక్కల జతలు ముందు. అంచు చీలిన రెక్కతో ఎగరెయ్యకూడదు, వణుకుడు మొదలై అన్నిటినీ వదులు చేస్తుంది. కొత్త జత వేశాక ఒక రెక్క చివర ఎర్ర టేపు ముక్క, రెండోదానికి అంతే కొలత నల్ల టేపు ముక్క అంటించి, దూరం నుంచి పక్కగా చూడండి. రెండూ ఒకే గీతలో తిరగాలి. ఎరుపు పైన, నలుపు కింద కనిపిస్తే ఒక రెక్క మెలి తిరిగిందనో, గ్రిప్పు వంగిందనో అర్థం. ఇరుసు వంగిందేమో అనుమానమైతే అద్దం పలక మీద దొర్లించండి, ఎగుడుదిగుడుగా దొర్లుతుంది. గేరు మార్చినప్పుడు మోటారు పళ్ళకూ పెద్ద గేరు పళ్ళకూ మధ్య నోటు పుస్తకం కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత కాగితం తీసెయ్యండి. ఆ ఎడం సరిపోతుంది. మెటల్‌లోకి బిగించే మెటల్ స్క్రూకి మాత్రమే నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వెయ్యాలి, ప్లాస్టిక్‌కి తగిలితే ప్లాస్టిక్ పగులుతుంది. బేరింగులకు ఇక్కడి తేమకూ, సముద్రపు గాలికీ తుప్పు పడుతుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వెయ్యకండి. చలికి పేరుకుంటుంది, నిలవుంటే జిగురు కడుతుంది.

ఆ తర్వాత తోక మోటారు. "రిమోట్ పాడైంది, హెలికాప్టర్ గింగిరాలు తిరుగుతోంది" అని తెచ్చే కేసుల్లో చాలావరకు రిమోట్ బాగానే ఉంటుంది. తోక మోటారు నీరసించి ఉంటుంది. ఈ చిన్న మోటార్లలో ఇనప కోర్ ఉండదు, గిన్నె ఆకారంలో అల్లిన రాగి కాయిలే తిరుగుతుంది. లోపల వెంట్రుకల్లాంటి బ్రష్‌లుంటాయి. కొన్ని గంటల ఎగురుడుకి అవి అరిగిపోతాయి. ఇన్నేళ్ళుగా వైండింగ్ చేస్తున్న నేనే చెప్తున్నాను, ఈ మోటారు రీవైండింగ్‌కి పనికిరాదు, మార్చడమే మార్గం. అరగడం దాని లోపం కాదు, దాని ఆయుష్షు అంత. సైకిలు బ్రేకు కట్టెలు మార్చుకున్నట్టే మార్చుకోవాల్సిన సామాను ఇది, కానీ కొన్నచోట దొరకదు.

బ్రష్‌లెస్ మోటారు వేయించుకుందామని అడిగేవాళ్ళూ ఉన్నారు. అందులో కాయిల్ కదలదు, అయస్కాంతాలు తిరుగుతాయి, అరిగే బ్రష్‌లే లేవు. ఎన్నో రెట్లు మన్నుతుంది, బలం కూడా ఎక్కువ. కానీ మామూలు బ్రష్ మోటారు బోర్డు దాన్ని నడపలేదు, వేరే స్పీడ్ కంట్రోలర్ కావాలి. తోకకు వేస్తే తోక బరువెక్కుతుంది, బ్యాలెన్స్ అంతా మళ్ళీ చూసుకోవాలి. చెయ్యి కుదిరి, సోల్డరింగ్ వచ్చినవాళ్ళు చేసుకుంటే ముచ్చటైన పనే. మిగతావాళ్ళు ఆ డబ్బు దాచుకుని, తర్వాత కంపెనీ నుంచే బ్రష్‌లెస్‌తో వచ్చే రకం కొనుక్కోవడం మేలు.

పోలీసులు పట్టుకుంటారేమో అని కొందరు తల్లిదండ్రులు భయపడుతున్నారు. 2021 ఆగస్టు 25న కేంద్రం తెచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు బరువున్నవి నానో తరగతి. వాటిని ఎగరెయ్యడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మనం చెప్పుకుంటున్న హెలికాప్టర్లు ఆ బరువుకు చాలా లోపే ఉంటాయి. అలాగని ఎక్కడపడితే అక్కడ కాదు. డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలు గుర్తించి ఉన్నాయి, మీ ఊరు ఎందులో ఉందో చూసుకోండి. మధురపూడి విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. నిబంధన లేకపోయినా ప్రభల తీర్థంలో, జాతరలో, బడి వదిలే వేళ, జనం మీదుగా ఎగరెయ్యకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. అలా ఎగరేసిన కుర్రాడి హెలికాప్టర్‌కి నేను స్క్రూ కూడా బిగించను.

ఇప్పుడు మన చేలల్లో మందు కొట్టే డ్రోన్లు వచ్చాయి. ఆ పని చెయ్యడానికి పద్దెనిమిదేళ్ళు నిండి, పదో తరగతి పాసై, శిక్షణ తీసుకుంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఇస్తారు. డ్రోన్ చాలావరకు తనంతట తానే నిలబడుతుంది. చిన్న హెలికాప్టర్‌ని వేళ్ళతో నిలబెట్టడం నేర్చిన పిల్లలకు డ్రోన్ ఎగరెయ్యడం సులువుగానే ఉంటుందని నా నమ్మకం.

షాపులవాళ్ళకు నా మనవి ఒక్కటే. మీరు ఏ రకం హెలికాప్టర్ తెస్తారో ఆ రకానికి పై రెక్కలు, తోక మోటార్లు, పెద్ద గేర్లు, ఇరుసులు, బ్యాటరీలు ఒక డబ్బాలో ఉంచండి. ఒక్కోటి పెద్ద ఖరీదేం కాదు. కొన్నవాళ్ళు వాటికోసం మళ్ళీమళ్ళీ మీ దగ్గరికే వస్తారు. నేర్చుకునేవాళ్ళకు మెటల్ సెట్టు అంటగట్టకండి. మూడో రకం హెలికాప్టర్ పిల్లల కోసం అడిగితే అమ్మకండి, ఎందుకు అమ్మడం లేదో చెప్పండి.

సంపాదకులు గారూ, మీ జిల్లా పేజీలో వారానికి ఒకసారైనా ఇలాంటి చిన్న యంత్రాల గురించి, వాటి రిపేర్ల గురించి కాస్త చోటిస్తే మాలాంటి మెకానిక్‌లం ఉచితంగా రాసిస్తాం. హైస్కూలు ఫిజిక్స్ మాస్టార్లకు కూడా పాఠం చెప్పడానికి పనికొస్తుంది.

ఆ లేఖ రాసిన తండ్రి గారికి: మీ అబ్బాయిని తీసుకుని ఏ ఆదివారమైనా పాలకొల్లు రండి. మెటల్ సెట్టు తీసేసి, ప్లాస్టిక్ హెడ్ మళ్ళీ వేసి, మోటారు మారుద్దాం. మోటారు నా దగ్గర లేకపోతే తెప్పిస్తాను, దాని ధర తప్ప కూలి తీసుకోను. అది తయారయ్యేలోగా అబ్బాయి నా దగ్గరున్న నాలుగు ఛానెళ్ళదాని మీద చెయ్యి కుదుర్చుకోవచ్చు. మీరు ఒప్పుకుంటే నా చిరునామా పత్రికవారి దగ్గర తీసుకోండి. సంపాదకులు గారు దాన్ని మీకు మాత్రమే ఇవ్వాలని, నా పేరు అచ్చు వెయ్యవద్దని మనవి.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ మెకానిక్,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా